వైరింగ్ హార్నెస్‌కి డీఎఫ్‌ఎంఈఏ చేయమన్నారు, పాత షీటులో పేర్లు మార్చి ఇస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇది: హార్నెస్ (బండిలోని వైర్లూ కనెక్టర్లూ కలిపి కట్టిన కట్ట) కంపెనీ డిజైన్ సెక్షన్‌లో చేరి మూడు నెలలైంది. కొత్త బైకు మోడల్‌కి డీఎఫ్‌ఎంఈఏ (డిజైనులో ఏది ఎలా పాడవచ్చో ముందే ఊహించి, ఆ ముప్పుకి మార్కులు వేసే పట్టిక) చేయమన్నారు. పాత మోడల్ ఎక్సెల్ ఫైలు చేతికిచ్చి పేర్లు మార్చేస్తే చాలంటున్నారు. అసలు ఒక వైరు గానీ కనెక్టరు గానీ ఎలా పాడవుతుందో ముందే ఎలా ఊహించాలి?

పేర్లు మార్చి ఇవ్వకండి. నేను అలా ఇచ్చాను, దాని ఫలితం కళ్లారా చూశాను.

పదకొండేళ్ల కిందట శ్రీపెరుంబుదూరు దగ్గర ఒక హార్నెస్ ప్లాంటులో నా మొదటి ఉద్యోగం. ఒక బైకుకి ఫేస్‌లిఫ్ట్ వచ్చింది. హెడ్‌ల్యాంపు ఆకారం మారింది, హార్నెస్‌లో పెద్ద మార్పేమీ లేదన్నారు. పాత షీటులోని వరుసలన్నీ అలాగే ఉంచి, డ్రాయింగ్ నంబర్లు మార్చి సంతకం పెట్టాను. బండ్లు రోడ్డెక్కిన ఏడు నెలలకి డీలర్ల దగ్గర్నుంచి అట్టపెట్టెల్లో హార్నెస్‌లు వెనక్కి రావడం మొదలైంది. అన్నిటి మీదా కంప్లయింటు ఒకటే: హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పితే హెడ్‌లైటు ఆరిపోతోంది, నేరుగా పెడితే మళ్లీ వెలుగుతోంది.

మల్టీమీటరు పెడితే బీప్ వస్తోంది. టెస్ట్ బోర్డు మీద పెడితే పాస్. రెండు రోజులు తిప్పలు పడ్డాం. చివరికి మా ల్యాబులో పనిచేసే ఒక పెద్దాయన టేపు విప్పించి, ఒక్కో వైరునీ రెండు చేతుల వేళ్లతో పట్టుకుని, అంగుళం అంగుళం జరుపుతూ మెల్లగా సాగదీశారు. ఒకచోట వైరు రబ్బరు బ్యాండులా సాగింది. అక్కడ బ్లేడుతో తొడుగు చీలిస్తే లోపల రాగి పోగులన్నీ తెగి ఉన్నాయి. పైన పీవీసీ మీద గీత కూడా పడలేదు. తెగిన కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నంతసేపు కరెంటు పోతోంది, హ్యాండిల్ తిప్పగానే విడిపోతున్నాయి. మైక్రోస్కోపు కింద ఆ కొసలు కత్తితో కోసినట్టు చదునుగా కనిపించాయి. లాగితే తెగిన రాగి పోగు చివర సన్నబడి మొనదేలుతుంది. చదునుగా ఉందంటే వంగి వంగి అలిసి తెగిందని అర్థం.

పాత మోడల్‌లో హార్నెస్‌ని పట్టుకునే క్లిప్పు హెడ్ పైపుకి కాస్త వెనకగా ఫ్రేము మీద ఉండేది. హ్యాండిల్ తిప్పినప్పుడు వచ్చే వంపుని జానెడు పొడవు వైరు పంచుకునేది. కొత్త హెడ్‌ల్యాంపు బ్రాకెట్‌కి అడ్డొస్తోందని క్లిప్పుని ముందుకు జరిపారు. వంపంతా రెండు వేళ్ల వెడల్పులోకి వచ్చి పడింది. మనవాళ్లు బండి ఆపిన ప్రతిసారీ హ్యాండిల్ ఎడమకి తిప్పి లాక్ వేస్తారు కదా, ఆ ఒక్క పని రోజుకి ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కేసుకోండి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏమిటంటే, షీటులో ఈ వరుస ఉంది. ఫెయిల్యూర్ మోడ్: వైరు తెగడం. కారణం: అధికంగా లాగడం. కంట్రోల్: పుల్ టెస్ట్, కంటిన్యుటీ టెస్ట్. అక్కరెన్స్ (ఎంత తరచుగా జరగొచ్చు) 2, డిటెక్షన్ (ముందే పట్టుకోగలమా) 2; ఈ మార్కులు 1 నుంచి 10 దాకా ఉంటాయి, పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ. గడులన్నీ నిండి ఉన్నాయి, ఆడిట్‌లో ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ వరుసలో రాసింది మాత్రం మా బండిలో జరిగిన దాని గురించి కాదు.

అందులో రెండు తప్పులున్నాయి, కొత్తవాళ్లందరూ చేసేవే. మొదటిది, "వైరు తెగడం" దగ్గర ఆలోచన ఆగిపోవడం. ఎక్కడ తెగుతుంది, ఏ కదలిక వల్ల, ఆ కదలికకి అక్కడ చోటు చాలదని డ్రాయింగ్‌లో దేన్ని చూసి చెప్పగలం? అక్కడిదాకా వెళ్తేనే అది డిజైను కారణం. తర్వాత మేం ఆ వరుసని ఇలా తిరగరాశాం: "హ్యాండిల్ ఎడమ లాక్ దాకా తిరిగినప్పుడు క్లిప్పు అంచు దగ్గర వైరు వంపు మరీ బిగుసుగా ఉండి, పోగులు అలిసి తెగి, హెడ్‌లైటు సర్క్యూట్ ఉండుండి తెగిపోవడం." వాక్యం పొడవైంది గానీ చదివినవాడికి ఏం మార్చాలో తెలిసిపోతుంది. క్లిప్పు చోటైనా మార్చాలి, లూపైనా పెంచాలి, సన్నటి పోగులు ఎక్కువగా ఉన్న వైరైనా వాడాలి.

రెండో తప్పు డిటెక్షన్ గడిలో ఉంది. డీఎఫ్‌ఎంఈఏలో డిటెక్షన్ అంటే, డిజైను ఖరారు కాకముందే మన పరీక్షలు ఆ లోపాన్ని పట్టుకోగలవా అని. లైను చివర ప్రతి హార్నెస్‌కీ చేసే కంటిన్యుటీ టెస్ట్ తయారీలో తప్పుల కోసం, దాని చోటు పీఎఫ్‌ఎంఈఏ, అంటే తయారీ ప్రక్రియకి వేసే ఇలాంటి పట్టిక. మా హార్నెస్‌లన్నీ ఆ టెస్ట్‌లో న్యాయంగానే పాసయ్యాయి. టేబుల్ మీద కదలకుండా పడుకున్న వైరు తెగదు. హ్యాండిల్‌నీ ఫోర్కునీ బ్రాకెట్‌తో సహా రిగ్ మీద బిగించి, లాక్ నుంచి లాక్‌కి తిప్పుతూ, ప్రతి వైరులోనూ కరెంటు తెగకుండా వస్తోందా అని చూసే పరీక్ష మా ప్లాన్‌లో లేదు. కాబట్టి అక్కడ 2 వేయడం అబద్ధం. 9 గానీ 10 గానీ వేసుండాల్సింది.

క్రింపింగ్ (వైరు కొసకి లోహపు టెర్మినల్‌ని నొక్కి బిగించడం) విషయంలోనూ ఈ గందరగోళమే ఉంటుంది. క్రింపు ఎత్తు తప్పడం, పోగులు బయటికి రావడం తయారీ వైపు సంగతులు. ఆ టెర్మినల్‌కి ఆ సైజు వైరు సరిపోతుందా అన్నది మాత్రం మీదే.

ఇక కనెక్టర్ల దగ్గరికొద్దాం. మీరు తప్పకుండా అర్థం చేసుకోవాల్సింది ఫ్రెటింగ్ కరోజన్, అంటే సన్నటి రాపిడితో కాంటాక్ట్ ఆక్సైడ్ పట్టి పాడవడం. మామూలు టెర్మినళ్ల మీద తగరం పూత ఉంటుంది, చవక కాబట్టి. తగరం మీద పలచని ఆక్సైడ్ పొర ఎప్పుడూ ఉంటుంది. అది గట్టిది, పెళుసుది, కింద తగరం మెత్తన. కనెక్టరు నొక్కి పెట్టినప్పుడు ఆ పొర పగిలి లోహానికి లోహం తగులుతుంది, కనెక్షన్ బాగా ఉంటుంది. తర్వాత ఇంజను అదురుకీ, ఎండకి వేడెక్కి రాత్రికి చల్లారడానికీ మగ టెర్మినలూ ఆడ టెర్మినలూ ఒకదానిమీద ఒకటి వెంట్రుక మందం కన్నా తక్కువగా జరుగుతుంటాయి. జరిగిన ప్రతిసారీ కొత్త తగరం బయటపడి ఆక్సైడ్ అవుతుంది, ఆ పొడి అక్కడే పేరుకుంటుంది. రెసిస్టెన్స్ పెరుగుతూ పోయి ఒకరోజు సిగ్నల్ మిస్సవుతుంది.

దీన్ని కనిపెట్టడం కష్టం ఎందుకంటే, మెకానిక్ కనెక్టరు ఊడదీసి మళ్లీ పెట్టగానే ఆ పొడి తుడుచుకుపోయి బండి బాగైపోతుంది. జాబ్ కార్డు మీద "కనెక్టర్ తీసి పెట్టాం, ఓకే" అని రాసి పంపిస్తారు. మూడు నెలలకి అదే బండి మళ్లీ వస్తుంది. వెనక్కి తెప్పించిన పార్టు ల్యాబులో పెడితే లోపమే దొరకదు, ఎందుకంటే పంపేటప్పుడే ఊడదీశారు. కాబట్టి మీ దగ్గర వారంటీ డేటా ఉంటే "తీసి పెడితే బాగైంది" అన్న మాట కోసం వెతకండి. నా దృష్టిలో అది లోపం ఆచూకీ చెప్పే మాట. సెన్సర్ల లాంటి తక్కువ కరెంటు సర్క్యూట్లకి ఈ బాధ ఎక్కువ, ఆ పొరని ఛేదించే ఓల్టేజీ గానీ కరెంటు గానీ వాటికి ఉండదు. మందు మూడు నాలుగు రకాలుగా ఉంది: బంగారు పూత, కాంటాక్ట్ ఒత్తిడి పెంచడం, కాంటాక్ట్ గ్రీజు, అన్నిటికన్నా చవకగా కనెక్టరు వెనకే హార్నెస్‌ని బిగించి అదురు టెర్మినల్ దాకా రాకుండా ఆపడం. ఒకటి గుర్తుంచుకోండి: ఒకవైపు బంగారం, ఇంకోవైపు తగరం పెట్టకూడదు, గట్టి లోహం మీదికి తగరం అంటుకుని ఆక్సైడ్ అయి సమస్య ఇంకా ముదురుతుంది.

ఎక్కువ కరెంటు సర్క్యూట్లలో అదే రెసిస్టెన్స్ వేడిగా మారుతుంది. షీటుల్లో "ఫ్యూజు ఉంది" అని రాసి ఊరుకోవడం చాలా చూశాను. లెక్క చేసి చూడండి. 10 ఆంపియర్లు పోయే జాయింటులో రెసిస్టెన్స్ 0.1 ఓమ్‌కి పెరిగిందనుకుందాం. 10 × 10 × 0.1, అంటే 10 వాట్ల వేడి. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దానిలో సగానికి దగ్గరి వేడి గోరంత ప్లాస్టిక్ హౌసింగ్‌లో నిలబడి ఉంటుంది. కరెంటు మాత్రం 10 ఆంపియర్లు దాటలేదు, పైగా కొంచెం తగ్గింది. ఫ్యూజు ఎందుకు పోతుంది? ఫ్యూజు షార్ట్ నుంచీ ఓవర్‌లోడ్ నుంచీ వైరుని కాపాడడానికి పెట్టింది, వదులు జాయింటు సంగతి దానికి తెలియదు. ఈ లోపానికి ఫ్యూజుని కంట్రోల్‌గా రాయకండి.

నీళ్ల గురించి ఒక్కమాట. సీలున్న కనెక్టరే కదా అని వదిలేస్తారు. వేడెక్కిన కంట్రోలర్ మీద వాన పడితే లోపలి గాలి ముడుచుకుని పీల్చుతుంది. సీలు గట్టిగా ఉంటే ఆ పీల్పు వైరు పోగుల మధ్య సందుల్లోకి పోతుంది. మీటరు దూరంలో ఎక్కడో ఎర్తింగ్ రింగు దగ్గర నీళ్లున్నా స్ట్రాలో పీల్చినట్టు లోపలికి వచ్చేస్తాయి. అందుకే షీటులో కనెక్టరుని ఒంటరిగా చూడొద్దు, ఆ వైరు రెండో కొస ఎక్కడుందో కూడా చూడాలి.

వాడకం మాట కొస్తే, మన రోడ్ల మీద ఏం జరుగుతుందో మీకు తెలుసు. ప్రెషర్ గన్‌తో వాటర్ వాష్, తొడుగు గీకి మెలేసి టేపు చుట్టి పెట్టిన ఎక్స్‌ట్రా హారన్, ఇంటి ముందు పెట్టిన బండిలో ఎలుకలు, స్పీడ్ బ్రేకర్ మీద ముగ్గురితో ఎగిరిపడటం. పీ-డయాగ్రమ్‌లో (భాగం పనిని బయటి నుంచి ఏవేవి చెడగొట్టవచ్చో రాసే బొమ్మ) కస్టమర్ వాడకం, వాతావరణం అన్న గడుల్లో చాలామంది "దుమ్ము, నీరు" అని రాసి ముగిస్తారు. ఇవన్నీ పేరుపేరునా రాయండి.

నంబర్ల దగ్గర జాగ్రత్త. మీ ఫైలు పాతదైతే సివియారిటీ (ఫలితం ఎంత ప్రమాదకరం), అక్కరెన్స్, డిటెక్షన్ గుణించి ఆర్‌పీఎన్ (ముప్పు మొత్తం మార్కు) వేసి, 100 దాటితేనే పని అని పెట్టుకుని ఉంటారు. 10 × 2 × 5 కూడా 100, 4 × 5 × 5 కూడా 100. రాత్రి హెడ్‌లైటు ఆరిపోవడం, క్లిప్పు కిటకిటలాడటం ఒక్క వరుసలో కూర్చుంటాయి. అందుకే 2019లో అమెరికా ఏఐఏజీ, జర్మనీ వీడీఏ అనే వాహన పరిశ్రమ సంఘాలు కలిసి తెచ్చిన హ్యాండ్‌బుక్ ఆర్‌పీఎన్ తీసేసి యాక్షన్ ప్రయారిటీ (ఏ పని ముందు చేయాలో చెప్పే స్థాయి) పెట్టింది, అందులో సివియారిటీకే మొదటి స్థానం.

సివియారిటీ తక్కువ వేస్తే ఏమవుతుందో చెప్పడానికి జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ కన్నా పెద్ద ఉదాహరణ లేదు. షెవర్లే కోబాల్ట్ లాంటి చిన్న కార్లలో స్విచ్ లోపలి ప్లంజర్, స్ప్రింగు బిగువు చాలక, బరువైన తాళాల గుత్తి ఊగినా మోకాలు తగిలినా తాళం రన్ (ఇంజను నడిచే స్థానం) నుంచి యాక్సెసరీకి (ఇంజను ఆగిపోయే స్థానం) జారిపోయేది. ఇంజను ఆగడాన్ని ఇంజనీర్లు కస్టమర్‌కి అసౌకర్యం కింద లెక్కేశారు. తాళం యాక్సెసరీలో ఉంటే ఎయిర్‌బ్యాగ్ కూడా తెరుచుకోదన్న ముడి వేయలేదు. 2006లో స్విచ్ లోపలి భాగాన్ని మార్చారు, పార్టు నంబరు మార్చలేదు. దాంతో తర్వాత వెతికినవాళ్లకి పాత స్విచ్ ఏది, కొత్తది ఏది తెలియక ఏళ్లు పట్టింది. 2014లో సుమారు 26 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. పరిహార నిధి లెక్క ప్రకారమే 124 మంది చనిపోయారు. ఎఫెక్ట్ గడి నింపేటప్పుడు "లైటు వెలగదు" దగ్గర ఆగకుండా, ఆ క్షణంలో బండి మీదున్న మనిషికి ఏమవుతుందో అక్కడిదాకా రాయండి.

పాత షీటు పారేయక్కర్లేదు. దాన్ని పక్కన పెట్టుకుని, పాత బండికీ కొత్త బండికీ ఏమేం మారాయో విడిగా ఒక కాగితం మీద రాయండి: క్లిప్పుల చోట్లు, వైరు సైజులు, కనెక్టరు ఎటువైపు తిరిగి ఉంది, దగ్గర్లో వేడి భాగం ఏది, సప్లయర్ మారాడా. మార్పు తగిలిన ప్రతి వరుసా మళ్లీ మొదట్నుంచి ఆలోచించాలి. మా కేసులో ఆ కాగితం రాసుంటే "క్లిప్పు ముందుకు జరిగింది" అని ఒక్క లైను ఉండేది, అది చాలు.

కంప్యూటరు ముందు కూర్చునే ముందు ప్రోటో బండి (పరీక్షల కోసం తయారుచేసిన నమూనా) దగ్గర ఓ పూట గడపండి. ట్యాంకు తీయించి, హ్యాండిల్ రెండు వైపులా లాక్ దాకా తిప్పుతూ, ఫోర్కు నొక్కిస్తూ, టార్చి వేసి ఒక్కో క్లిప్పు దగ్గర వైరు ఎలా కదులుతోందో చూడండి. ఎక్కడైతే వైరు గుండ్రంగా కాకుండా మడతలా వంగుతోందో అక్కడ స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి ఫొటో తీసుకోండి. మీ షీటులో మొదటి వరుసలు ఆ గుర్తులే.