చలి సముద్రంలో తెరచాప ఓడ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హీటర్ ఉన్నా ఓడలో పడకలు, బట్టలు చెమ్మగానే ఉంటాయట. వాన లేని రోజున కూడా ఆ తడి ఎక్కణ్నుంచి వస్తుంది?

జవాబు: చాలామటుకు లోపలే పుడుతుందండీ. మనుషుల ఊపిరి, వంట ఆవిరి, డెక్ మీంచి దిగినవాళ్ల తడి బట్టలు... ఈ తేమంతా చల్లటి ఓడ గోడను తాకి చుక్కలు కడుతుంది. దక్షిణ మహాసముద్రంలో అంటార్కిటిక్ కన్వర్జెన్స్ (అంటార్కిటికా చుట్టూ ఉన్న అతి చల్లటి నీళ్లు ఉత్తరాన ఉన్న కాస్త వెచ్చని నీళ్లతో కలిసే హద్దు) దాటగానే సముద్రపు నీరు కొద్ది దూరంలోనే కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. గోడలు కారడం అక్కణ్నుంచి మరీ ఎక్కువ.

చలి వేస్తోందని అన్నీ బిగించి కూర్చోవడమే అసలు పొరపాటు. కెరటాలు డెక్ మీదికి రానంతసేపూ రెండు వెంటిలేటర్లు తెరిచే ఉండాలి, ఒకటి గాలి రావడానికి, ఒకటి పోవడానికి. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ జోలికి అసలు పోవద్దు. గ్యాస్ మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. పైగా మూసిన క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ చేరితే ప్రాణాలే పోతాయి. పొగ బయటికి పోయే డీజిల్ హీటర్ మేలు, దానికి తోడు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం కూడా ఉండాలి. పరుపు కింద చెక్క పట్టీలు వేసి గాలి ఆడనివ్వండి, లేకపోతే అడుగున బూజు పడుతుంది. స్లీపింగ్ బ్యాగ్ సింథటిక్‌దే తీసుకోండి. ఈకలవి తడిస్తే ఉండకట్టి వెచ్చదనం పోతుంది.

చాలామంది పట్టించుకోనిది ఉప్పు. సముద్రపు నీటితో తడిసిన బట్ట ఆరినట్టే ఉండి, ఉప్పు గాలిలోని తేమను లాగడంతో మళ్లీ తడవుతుంది. మెడ, మణికట్ల దగ్గర ఒరుసుకుని పుళ్లు పడతాయి. మంచినీళ్లు ఎంత పొదుపైనా బట్టల మెడ, చేతుల అంచులను తడిగుడ్డతో తుడవడానికి రోజూ ఒక మగ్గుడు కేటాయించాల్సిందే.

ప్రశ్న: నాలుగు గంటలు పని, నాలుగు గంటలు విశ్రాంతి అంటే రోజూ ఒకే జట్టుకు నడిరాత్రి వాచ్ (డెక్ మీద పని వంతు) పడదా?

జవాబు: సరిచేయకపోతే పడుతుంది. 24 గంటల్లో నాలుగేసి గంటల వాచ్‌లు ఆరు. సరిసంఖ్య కాబట్టి రెండు జట్లకూ రోజూ అవే వేళలు వస్తాయి. అందుకే సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉన్నదాన్ని రెండేసి గంటల డాగ్ వాచ్‌లుగా విడగొట్టి ఏడు చేస్తారు. ఇవాళ అర్ధరాత్రి నుంచి 4 దాకా నిలబడ్డవాళ్లు రేపు ఆ వేళకు పడుకుంటారు.

గట్టి చలిలో వాచ్ అంతా ఒకరే చుక్కాని పట్టకూడదు, అరగంటకోసారి మార్చుకోవాలి. వేళ్లు మొద్దుబారితే తాడు ముడి కూడా విప్పలేరు. తర్వాతి జట్టును 20 నిమిషాలు ముందే లేపండి. ఊగే ఓడలో ఉన్ని లోదుస్తులు, ఫ్లీస్, వాటర్‌ప్రూఫ్ సూటు, బూట్లు, లైఫ్ జాకెట్, హార్నెస్ (మనిషిని ఓడకు కట్టి ఉంచే పట్టీల కట్టు) తొడగడానికి అంతసేపూ పడుతుంది. నూలు బట్ట ఒంటికి తగలకూడదు, తడిస్తే ఒక పట్టాన ఆరదు. హార్నెస్ కొక్కెం మెట్ల మీదే తగిలించుకోవాలి, డెక్ ఎక్కాక కాదు. గడ్డకట్టించే నీటిలో పడితే మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది. దాదాపు పది నిమిషాలకు చేతులు మాట వినవు. తెరచాపలు సర్దుకుని ఓడను వెనక్కి తిప్పేలోపే ఆ వ్యవధి అయిపోవచ్చు.

ప్రశ్న: చలికి గ్యాస్ పొయ్యి వెలగదంటారు, నిజమేనా?

జవాబు: బ్యూటేన్ అయితే నిజమే. సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్‌కు ఆ ఇబ్బంది లేదు, అది మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఇక ఊగే ఓడలో వంట సంగతి: గిన్నె సగానికి మించి నింపొద్దు. ప్రెషర్ కుక్కర్ వాడితే ఒలకదు, ఆవిరీ తగ్గుతుంది. వేడివి ఒలికినా కాళ్లు కాలకుండా వంట చేసేవాళ్లు వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, బూట్లు వేసుకునే పొయ్యి దగ్గరికి వెళ్లాలి.

ప్రశ్న: తాళ్ల మీద మంచు పేరుకుంటే ప్రమాదమా?

జవాబు: చాలా ప్రమాదం. ఎగిరిపడే తుంపరలు గడ్డకట్టి బరువంతా పైన చేరితే ఓడ బోల్తా పడొచ్చు. ఒరిగిన ఓడ నిదానంగా లేస్తోందంటే వెంటనే కదలాలి. తుంపర తగ్గేలా వేగమో దిశో మార్చి, చెక్క సుత్తులతో కొట్టి రాల్చాలి. పైనున్నది ముందు, రెండు పక్కలా సమానంగా.