ఏ ప్రకటన ఎవరికి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశ్వవిద్యాలయాల వార్తల గురించినవే. స్నాతకోత్సవమని, ప్రవేశాలని, కిసాన్ మేళా అని, పరీక్షల వాయిదా అని పత్రిక జిల్లా పేజీలో ‘వర్సిటీ’ అన్న మూడక్షరాలు పెద్దగా పడతాయి గాని, అది ఏ వర్సిటీయో, ఏ క్యాంపస్‌కు సంబంధించినదో, అనుబంధ కళాశాలలకు కూడా వర్తిస్తుందో లేదో చివరి పేరా దాకా చదివితే తప్ప తేలదు. గుంటూరు, విజయవాడల మధ్య ఈ తికమక మరీ ఎక్కువ. అందుకే ఈ ఉత్తరాలన్నిటికీ ఒకేచోట జవాబులిస్తున్నాము.

మా అబ్బాయి తెనాలిలోని ఒక అనుబంధ కళాశాలలో బి.కాం. పూర్తి చేసి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు. స్నాతకోత్సవానికి హాజరు కాకపోతే పట్టా ఇవ్వరని వాడి స్నేహితులు అంటున్నారట. సెలవు పెట్టి రమ్మనమంటారా? – ఒక పాఠకురాలు, తెనాలి

సెలవు పెట్టనక్కరలేదమ్మా. పట్టా పొందడం వేరు, దాన్ని వేదిక మీద అందుకోవడం వేరు. వేదిక మీదికి సాధారణంగా పిహెచ్.డి. వారిని, బంగారు పతకాలు వచ్చినవారిని పిలుస్తారు. డిగ్రీ వేలమందికి వస్తుంది కాబట్టి తక్కినవారు హాజరు కాకుండానే, అంటే ‘ఇన్ అబ్సెన్షియా’ పద్ధతిలో, దరఖాస్తు పెట్టుకుని రుసుము చెల్లించి తెప్పించుకోవచ్చు. ఆ దరఖాస్తుకు గడువు ఎప్పటితో ముగుస్తుందన్నదే మీరు ప్రకటనలో చూడవలసిన సంగతి. ఉత్సవం తేదీ, ముఖ్య అతిథి ఎవరన్నది మీ అబ్బాయికి పనికివచ్చే విషయాలు కావు.

విద్యార్థి ఉత్తీర్ణుడు కావలసిన తేదీ నుంచి 180 రోజులలోగా పట్టా ప్రదానం చేయాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2008 నిబంధనలు చెబుతున్నాయి. అయినా రెండు మూడేళ్ల పట్టాలను కలిపి ఒకే స్నాతకోత్సవంలో ఇచ్చే విశ్వవిద్యాలయాలు దేశంలో తక్కువేమీ కాదు. ఈలోగా ప్రొవిజనల్ సర్టిఫికెట్టుతో, మార్కుల కన్సాలిడేటెడ్ మెమోతో పని జరుగుతుంది. అలా జరుగుతోంది కదా అని అసలు పట్టా (ఓ.డి.) మాటే మరచిపోయి, పదేళ్ల తరువాత విదేశానికి వెళ్లవలసి వచ్చినప్పుడు పరుగులు పెట్టేవారి ఉత్తరాలు మాకు ప్రతి ఏడూ వస్తుంటాయి.

దరఖాస్తు నింపేటప్పుడు పదవ తరగతి మార్కుల జాబితాను పక్కన పెట్టుకోమనండి. ఇంటిపేరు పూర్తిగా రాశారా, పొడి అక్షరమే వేశారా, ‘వెంకట’ అన్న మాటలో ఇంగ్లిషు ‘ఏ’లు ఎన్ని ఉన్నాయి అన్నవి సరిచూసుకోవాలి. పట్టా అచ్చయిన తరువాత ఒక్క అక్షరం దిద్దించుకోవాలన్నా మళ్లీ రుసుము, మళ్లీ నిరీక్షణ తప్పవు.

అడగకపోయినా ఒక మాట. స్నాతకోత్సవ దుస్తులకు చేనేత వస్త్రం వాడవలసిందిగా యూజీసీ 2019లో విశ్వవిద్యాలయాలను కోరింది. నాగార్జున విశ్వవిద్యాలయానికీ విజయవాడకూ నడుమ మంగళగిరి మగ్గాలున్నాయి. ఇక్కడి కండువాల కోసం ఎవరూ దూరం వెళ్లనక్కరలేదు.

నేను 1998లో ఒంగోలులో నాగార్జున విశ్వవిద్యాలయం కింద డిగ్రీ చదివాను. ఇల్లు మారినప్పుడు పట్టా పోయింది. ఇప్పుడు ఒంగోలుకు వేరే విశ్వవిద్యాలయం వచ్చింది కదా, నకలు కోసం ఎక్కడికి వెళ్లాలి? పైగా అప్పటి పేరులో ‘ఆచార్య’ లేదు. – ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

పరీక్ష ఎవరు పెట్టారో, పట్టా మీద ఎవరి ముద్ర ఉందో వారి దగ్గరికే వెళ్లాలి. ఆ కళాశాల ఇప్పుడు ఎవరి పరిధిలో ఉందన్నది మీకు సంబంధం లేని విషయం.

ఒకప్పుడు గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల కళాశాలలన్నీ నాగార్జున విశ్వవిద్యాలయం కిందనే ఉండేవి. 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడి కృష్ణా జిల్లా అటు వెళ్లింది. నూజివీడు పీజీ కేంద్రం కూడా దానితోపాటే వెళ్లింది. 2022లో ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వచ్చింది. పరిధులు మారినంత మాత్రాన అంతకుముందు ఇచ్చిన పట్టాలు చేతులు మారవు. మీ 1998 నాటి రికార్డు నాగార్జున విశ్వవిద్యాలయ ఆవరణ అయిన నాగార్జున నగర్‌లోనే ఉంటుంది, నకలు పట్టా అక్కడి పరీక్షల విభాగమే ఇవ్వాలి. సాధారణంగా అడిగేవి పట్టా పోయినట్టు పోలీసు స్టేషనులో ఇచ్చిన ఫిర్యాదు తాలూకు కాగితం, నోటరీ చేయించిన అఫిడవిట్, హాల్‌టికెట్ నంబరు, రుసుము. హాల్‌టికెట్ నంబరు గుర్తులేకపోతే ముందు మీరు చదివిన కళాశాల కార్యాలయానికి వెళ్లండి. అక్కడి పాత రిజిస్టర్లలో అది దొరికే అవకాశం ఎక్కువ.

ఇక పేరు సంగతి. ‘ఆచార్య’ అన్న మాట 2004లో చేరింది. సంస్థ అదే కాబట్టి పాత పేరున్న పట్టా ఎక్కడైనా చెల్లుతుంది. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. ఆ కారణంగా అక్కాచెల్లెళ్లిద్దరి పట్టాల మీద రెండు పేర్లున్న ఇళ్లు మన ఊళ్లో ఉండకపోవు. రెండూ ఒకే సంస్థ ఇచ్చినవే. విదేశీ అధికారులు సందేహిస్తే పేరు మార్పు తాలూకు ప్రభుత్వ ఉత్తర్వు ప్రతిని జతచేస్తే సరిపోతుంది. పేరు మార్చినప్పుడల్లా ఆ ఉత్తర్వును సులువుగా కనబడేచోట ఉంచే బాధ్యత మాత్రం విశ్వవిద్యాలయాలదే అని మా అభిప్రాయం.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. మిర్చి వేస్తాను. వర్సిటీలో కిసాన్ మేళా అని పేపర్లో చూసి కిందటేడు బస్సెక్కి నాగార్జున యూనివర్సిటీ దాకా పోయి వచ్చాను. అక్కడ మేళా లేదన్నారు. ఈసారైనా ఎక్కడికి పోవాలో చెప్పగలరు. – ఒక రైతు

మీ పొరపాటు లేదు, పేర్లే అలా కుదిరాయి. గుంటూరుకు రెండు ‘ఆచార్య’ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. విజయవాడ దారిలో నంబూరు దగ్గర ఉన్నది ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. అమరావతి దారిలో లాం దగ్గర ఉన్నది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. ఒకదానికి వెళ్లవలసినవారు రెండోదానికి వెళ్తే ఆ పూట గడిచిపోయినట్టే.

వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడింది. నిడుబ్రోలులో పుట్టిన రైతు నాయకుడు రంగా గారి పేరు 1996లో పెట్టారు. రాష్ట్ర విభజన తరువాత ప్రధాన కార్యాలయం లాంకు వచ్చింది. దాని కళాశాలలు బాపట్ల మొదలుకొని తిరుపతి, మహానంది, నైర దాకా రాష్ట్రమంతటా ఉన్నాయి. బాపట్ల కళాశాల విశ్వవిద్యాలయం కన్నా వయసులో పెద్దది, 1945 నాటిది. మన ఇళ్లలో ‘బీపీటీ’ అని పిలుచుకునే సాంబ మసూరి 1986లో అక్కడి నుంచి వచ్చిందే. బీపీటీ అంటే బాపట్ల అనే. అలాగే మినుము విత్తనపు సంచి మీద ఎల్.బి.జి. అని ఉంటే మొదటి అక్షరం లాం. మిర్చి రకాల్లో ఎల్.సి.ఎ. 334 పేరు మీరు వినే ఉంటారు, అందులోని ‘ఎల్’ కూడా లాంకు గుర్తే.

అయితే మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. లాం అన్నది ఒకే ఊరు గాని, అక్కడ మూడు విశ్వవిద్యాలయాల పరిశోధన కేంద్రాలున్నాయి. పత్తి, అపరాలు చూసే ప్రాంతీయ పరిశోధన స్థానం వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. ఒంగోలు పశువుల మీద పనిచేసే కేంద్రం తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయానిది. మిర్చిని ఉద్యాన పంటల్లో లెక్కవేస్తారు కనుక ఆ పంట చూసే ఉద్యాన పరిశోధన స్థానం పశ్చిమ గోదావరి జిల్లా వెంకట్రామన్నగూడెంలో ప్రధాన కార్యాలయమున్న ఉద్యాన విశ్వవిద్యాలయానిది. అందుచేత వ్యవసాయ విశ్వవిద్యాలయం మేళా ప్రకటన చూసి వెళ్తే మినుము, పత్తి విత్తనాల గురించి వివరంగా చెబుతారు. మిర్చి మాట వచ్చేసరికి పక్క ఆవరణకు వెళ్లమంటారు. 2021–22లో నల్ల తామరపురుగు మిర్చి తోటలను ఊడ్చేసినప్పుడు చాలామంది రైతులకు ఈ తేడా తెలియక ఎవరిని అడగాలో పాలుపోలేదు.

కాబట్టి ప్రకటనలో మూడు సంగతులు చూడండి. మేళా ఏ విశ్వవిద్యాలయానిది, ఏ కేంద్రంలో, విత్తనం అమ్ముతారా లేక ప్రదర్శన మాత్రమేనా. మీ ఊరి రైతుసేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకుణ్ణి ముందుగా అడిగితే బస్సు చార్జీ కలిసివస్తుంది. వెళ్లేటప్పుడు తెగులు తగిలిన కొమ్మ ఒకటి కాగితంలో చుట్టి తీసుకువెళ్లండి. ‘ఆకులు ముడుచుకున్నాయి’ అని నోటితో చెబితే తామరపురుగా, నల్లియా, వైరసా అన్నది శాస్త్రవేత్తలు కూడా తేల్చలేరు.

మా అమ్మాయి క్యాంపస్‌లో ఎం.ఎస్సీ. చేయాలనుకుంటోంది. నాగార్జున విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష ప్రకటన కోసం ఎదురుచూస్తున్నాము. – ఒక తండ్రి, సత్యనారాయణపురం, విజయవాడ

అలాంటి ప్రకటన రాదు. 2021 నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశాలన్నిటికీ కలిపి ఏపీ పీజీసెట్ అనే ఒకే పరీక్ష జరుగుతోంది. ఉన్నత విద్యామండలి ఆ బాధ్యతను ఒక విశ్వవిద్యాలయానికి అప్పగిస్తుంది. ప్రకటన ఏ ఊరి నుంచి వెలువడినా మీ అమ్మాయి రాయవలసిన పరీక్ష అదే. వెబ్ ఆప్షన్లు ఇచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. జాబితాలో విశ్వవిద్యాలయ కళాశాలలూ అనుబంధ కళాశాలలూ పక్కపక్కనే ఉంటాయి, ఫీజుల్లో తేడా కూడా ఉంటుంది. ‘నాగార్జున’ అన్న పేరు చూడగానే క్యాంపస్ అనుకోవద్దు. ఎం.బి.ఎ., ఎం.సి.ఎ. అయితే ఐసెట్, ఎం.టెక్. అయితే పీజీఈసెట్ రాయాలి.

వాన పడితే చాలు, పరీక్షలు వాయిదా అని ఫోన్లో ఒక ఫొటో వస్తుంది. ఏది నమ్మాలి? – ఒక డిగ్రీ విద్యార్థి, గుంటూరు

మా పక్కింటి కుర్రవాడు కిందటి వానాకాలంలో ఇలాంటిదే ఒకటి చూపించాడు. లెటర్‌హెడ్ ఉంది, ఆకుపచ్చ సిరాతో సంతకం ఉంది, గుండ్రటి ముద్ర ఉంది. తేదీకీ వారానికీ మాత్రం పొత్తు కుదరలేదు. క్యాలెండరు తీసి చూస్తే అది అంతకు రెండేళ్ల కిందటి ఉత్తర్వు, సంవత్సరం అంకె ఒక్కటీ చెరిపి దిద్దారు. కుర్రవాడు పుస్తకం ముందు కూర్చున్నాడు, మర్నాడు పరీక్ష జరిగింది.

పరీక్షల వాయిదా మీద సంతకం చేసేది పరీక్షల నియంత్రణాధికారి. సెలవు ప్రకటన రిజిస్ట్రార్ పేరుతో వస్తుంది. కలెక్టరు పాఠశాలలకు సెలవిచ్చినంత మాత్రాన విశ్వవిద్యాలయ పరీక్ష ఆగిపోదు. లేఖ సంఖ్య, తేదీ, ఏ సెమిస్టరు, ఏ కోర్సు, క్యాంపస్ కళాశాలలకా అనుబంధ కళాశాలలకా అన్న ఐదింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ కాగితాన్ని పక్కన పెట్టి, విశ్వవిద్యాలయ వెబ్‌సైటులోనూ మీ కళాశాల ప్రిన్సిపాల్ గారి దగ్గరా సరిచూసుకోండి. ఒక్కోసారి అసలైన ఉత్తర్వులో కూడా ఈ ఐదింటిలో ఒకటి లోపిస్తుంది, అది విద్యార్థుల తప్పు కాదు.

అంతర్ కళాశాలల యువజనోత్సవంలో క్యాంపస్ విద్యార్థులే పాల్గొనాలా? నాకు ఏకపాత్రాభినయం వచ్చు. – ఒక విద్యార్థిని, మంగళగిరి

అనుబంధ కళాశాలల వారూ పాల్గొనవచ్చు. సంగీతం, నృత్యం, సాహిత్యం, రంగస్థలం, లలిత కళలు అనే అయిదు విభాగాలలో పోటీలుంటాయి. ఇక్కడ ఎంపికైనవారు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే ప్రాంతీయ (జోనల్) ఉత్సవానికి, అక్కడ గెలిస్తే జాతీయోత్సవానికి వెళ్తారు. పేరు మీ కళాశాల ద్వారానే వెళ్లాలి. కనుక సాంస్కృతిక వ్యవహారాలు చూసే అధ్యాపకుల చెవిన ఇప్పుడే వేయండి, ఆ ప్రకటన ప్రిన్సిపాల్ గారి బల్ల మీదే ఆగిపోయిన సందర్భాలు మాకు తెలుసు.

నేను 1974లో గుంటూరు పీజీ కేంద్రంలో ఎం.ఎ. చేశాను. విశ్వవిద్యాలయానికి యాభై ఏళ్లు అంటున్నారు. మేము పూర్వ విద్యార్థుల లెక్కలోకి వస్తామా? – ఒక విశ్రాంత అధ్యాపకుడు, గవర్నరుపేట, విజయవాడ

మీ ప్రశ్న చాలా బాగుంది, మాస్టారూ. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో పీజీ కేంద్రం తెరిచింది. అది ఎదిగి నాగార్జున విశ్వవిద్యాలయమై, 1976 సెప్టెంబరు 11న నాటి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ చేతుల మీదుగా ప్రారంభమైంది. ఆ లెక్కన 2026 సెప్టెంబరు 11తో యాభై ఏళ్లు నిండుతాయి. కాగితం ప్రకారం మీ పట్టా విశాఖ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానిది, చదువు గుంటూరుది. మీరు విశాఖ పూర్వ విద్యార్థి అని ఒకరు, గుంటూరు పూర్వ విద్యార్థి అని మరొకరు వాదించవచ్చు. మా దృష్టిలో ఆ కేంద్రంలో చదివిన తొలి తరాలే ఈ విశ్వవిద్యాలయానికి పునాది వేశాయి. వారిని పిలవకుండా జరిపే వేడుకకు నిండుతనం రాదు. పిలుపు కోసం ఎదురుచూడకుండా మీరు చదివిన సంవత్సరం, శాఖ, ఇప్పటి చిరునామా రాసి రిజిస్ట్రార్ కార్యాలయానికి ఉత్తరం పంపండి. అప్పటి గ్రూపు ఫొటో ఏదైనా మీ పెట్టెలో ఉంటే దాని ప్రతిని కూడా జతచేయండి, పేర్లు వెనుక రాసి. మీ తరానికి తప్ప ఆ ముఖాలు ఇంకెవరికీ గుర్తుండవు.

ఆ రోజు వెళ్లదలిస్తే పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కకండి. అది యూనివర్సిటీ గేటు దగ్గర ఆగదు, గుంటూరు దాకా తీసుకుపోయి దింపుతుంది.