మా మామయ్య జపాన్ నుంచి తెచ్చిన పాత రోబో బొమ్మను ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చా? ఏ ద్రావణం వాడాలి?

చేసుకోవచ్చు. కానీ "ఏ ద్రావణం" అని అడిగారు చూడండి, అక్కడే నాకు భయం వేసింది. మురికి పట్టి పాడైన బొమ్మను నేను ఇంతవరకు ఒక్కటి కూడా చూడలేదు. తుడవబోయి పోగొట్టినవి మాత్రం బోలెడు చూశాను.

నాది తెనాలి. ఉద్యోగరీత్యా పదకొండేళ్ళుగా టోక్యోలో ఉంటున్నాను, నిషి కసాయ్‌లో, మనవాళ్ళు ఎక్కువగా ఉండే చోటే. శనివారం వస్తే నకానో బ్రాడ్‌వేలో పాత బొమ్మల కొట్ల అద్దాల ముందో, సెకండ్‌హ్యాండ్ షాపుల్లో 'జంక్' అని రాసిపెట్టిన బుట్టల దగ్గరో ఉంటాను. విరిగినవి, ఆగిపోయినవి, చెయ్యి లేనివి తెచ్చి బాగుచేసుకోవడం నా పని. కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మీరు రాసింది ఇదీ: ఓడ ఉద్యోగంలో ఉన్న మీ మామయ్య 1983లో దాన్ని విశాఖ తెచ్చారు. నాలుగడుగులు నడిచి ఆగి, ఛాతీ తలుపులు తెరిచి తుపాకులు పేల్చే రకం. ఒంటి మీద ఎస్‌హెచ్ అనే ముద్ర ఉంది. బ్యాటరీ గదిలో పచ్చగా ఏదో పట్టింది. తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కింది. అటక మీద నుంచి ఈమధ్యే దించారు. ఎస్‌హెచ్ అంటే హొరికావా అనే జపాన్ బొమ్మల కంపెనీ గుర్తు. ఈ నడిచి ఆగి పేల్చే రోబోలకు వాళ్ళు పెట్టింది పేరు. మంచి బొమ్మ. జాగ్రత్త.

ముందు కావలసింది స్క్రూ డ్రైవర్. అదీ సరైన స్క్రూ డ్రైవర్. చూడటానికి ఆ స్క్రూలు మన ఇంట్లో ఉండే ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి గానీ, కావు. మన పెట్టెల్లో ఉండే ప్లస్ డ్రైవర్లు ఫిలిప్స్ రకానివి. జపాన్ పాత స్క్రూలు జేఐఎస్ అనే వాళ్ళ సొంత ప్రమాణం ప్రకారం చేసినవి. గాడి లోపలి ఒంపులో కొద్దిపాటి తేడా, అంతే. ఆ కొద్దిపాటి తేడాకే ఫిలిప్స్ మొన అడుగుదాకా కూర్చోదు. గట్టిగా తిప్పగానే పైకి జారి గాడి అంచుల్ని నలిపేస్తుంది. నలభై ఏళ్ళు తుప్పు పట్టిన స్క్రూకి అలాంటి దెబ్బ ఒక్కటి చాలు. ప్రపంచంలో పాడైన జపాన్ బొమ్మల్లో సగం ఇలాగే పాడయ్యాయని నా నమ్మకం. నేను కొన్న మొదటి రోబోను నేనే అలా నాశనం చేశాను. ఇండియా నుంచి మా నాన్న ఇచ్చి పంపిన డ్రైవర్‌తో తిప్పితే స్క్రూ తల అరిగిపోయింది. డ్రిల్ వేస్తే లోపల స్క్రూ దిగే ప్లాస్టిక్ గొట్టం నిలువునా చీలింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఒసాకాకు చెందిన వెస్సెల్ కంపెనీ డ్రైవర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒకటో నంబరు, రెండో నంబరు తెప్పించుకోండి. అవి వచ్చేదాకా ఆగలేకపోతే పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బాగుచేసే మెకానిక్ ఎవరైనా ఉన్నారేమో చూడండి. కార్బురేటర్ స్క్రూలతో వాళ్ళూ ఇదే బాధ పడినవాళ్ళు, దగ్గర ఒకటి పెట్టుకునే ఉంటారు. స్క్రూ కదలకపోతే తుప్పు వదిలే స్ప్రే కొట్టకండి. కొన్ని ప్లాస్టిక్‌లు నూనె తగిలితే సన్నగా పగుళ్ళిస్తాయి. సూది మొనతో స్క్రూ మీద ఆ నూనె ఒకే ఒక్క చుక్క వేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున తిప్పండి.

ఇక ఆ పచ్చది. అది చిలుము, ఇత్తడి చెంబుకు పట్టేదే. ఆ రోజుల్లో మన దగ్గర దొరికిన బ్యాటరీలు ఎక్కువగా జింక్ కార్బన్ రకం. వాటి పై డబ్బా జింకే, వాడేకొద్దీ అదే కరుగుతుంది. లోపలే మర్చిపోతే ఏదో ఒక రోజు చిల్లు పడి కారుతుంది. ఆ కారేది ఆమ్ల గుణం ఉన్నది. వీడియోల్లో అందరూ వెనిగర్ పొయ్యమంటారు. వెనిగర్ ఆల్కలైన్ బ్యాటరీ కారితే వాడాల్సింది. దీనికి వంటసోడా కావాలి. చెంచాలో నాలుగు చుక్కల నీళ్ళతో ముద్దలా చేసి, చెవి పుల్లతో ఆ రేకు ముక్కల మీద మాత్రమే రాయండి. తడి దూదితో తీసేసి వెంటనే ఆరబెట్టండి. మిగిలిన చిలుమును పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోతుంది. బ్యాటరీ గదిలోకి నీళ్ళు మాత్రం పొయ్యకండి, కింద మోటారు ఉంటుంది.

పసుపెక్కిన ప్లాస్టిక్‌ను వదిలేయండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టే పద్ధతి ఒకటి ఉంది, 2008 ప్రాంతంలో పాత కంప్యూటర్ల అభిమానులు మొదలుపెట్టారు. పెట్టిన రోజు తెల్లగా మెరుస్తుంది. ఎక్కడ ఎక్కువ తగిలితే అక్కడ మచ్చలు పడతాయి, కొన్నాళ్ళకు పసుపు మళ్ళీ వస్తుంది. ఆ మళ్ళీ వచ్చిన సంగతి చూపించే వీడియో ఒక్కటైనా ఉందా? ముందు, తర్వాత అని రెండు ఫొటోలు పెట్టి వెళ్ళిపోతారు. రెండేళ్ళ తర్వాత ఎలా ఉందో ఎవరూ పెట్టరు. నాకు దీని మీద చాలా కోపం.

ఇంకో కోపం తెల్లగా ఉండే మెలమైన్ స్పాంజి మీద. ఇక్కడ 100 యెన్ల షాపుల్లో గుట్టలుగా ఉంటుంది, ఇప్పుడు మన ఊళ్ళలోనూ దొరుకుతోంది. మెత్తగా ఉంది కదా అని బొమ్మ మీద పెడతారు. అది పనిచేసేదే సన్నటి గరుకు కాగితంలాగా. పాత రేకు బొమ్మ మీది రంగు బ్రష్‌తో వేసింది కాదు. రేకు చదునుగా ఉన్నప్పుడే లితో పద్ధతిలో అచ్చు వేసి, ఆ తర్వాత దాన్ని అచ్చులో నొక్కి వంచుతారు. సిరా పొర అంత పలచన. నాలుగు రుద్దులకు రోబో ఛాతీ మీది మీటర్లు, ముళ్ళు, అంకెలు మాయమై వట్టి రేకు బయటపడుతుంది. మీ దానికి రేకు భాగాలుంటే నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డ చాలు, వెంటనే పొడి గుడ్డ. అంచుల్లో మడిచిన రేకు చెవులను విప్పకండి, రెండోసారో మూడోసారో విరిగి చేతిలోకి వస్తాయి.

చింతపండు మాట కూడా చెప్పాలి. 1974లో పోపీ కంపెనీ చోగోకిన్ పేరుతో జింక్ మిశ్రమంతో పోతపోసిన రోబోలు మొదలుపెట్టింది, మొదటిది కార్టూన్ రోబో మాజింగర్ జెడ్. నా దగ్గర రంగు పెచ్చులూడినది ఒకటి ఉండేది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు, పాపం ప్రేమతోనే, దేవుడి సామాన్లతో పాటు దాన్నీ చింతపండుతో తోమింది. పెచ్చులూడిన చోటల్లా మసకబారి బూడిద రంగుకు తిరిగింది. పులుపు ఇత్తడికి ఎంత మంచిదో జింకుకు అంత చెడ్డది. అమ్మను ఏమనగలం? తప్పు నాది, అందుబాటులో పెట్టాను.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. రెండేళ్ళ క్రితం అక్టోబరులో, మా బిల్డింగ్ కింద చెత్త పెట్టే చోట మా పై అంతస్తు పెద్దావిడ నిలబడి ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. ఇల్లు ఖాళీ చేసి చిన్న గదికి మారుతున్నారు. టోక్యోలో ఏ వైపైనా 30 సెంటీమీటర్లు దాటిన వస్తువు మామూలు చెత్త కాదు, పెద్ద చెత్త. ముందుగా ఫోన్ చేసి చెప్పాలి, డబ్బు కట్టి చీటీ కొనాలి, వస్తువుకు అంటించి బయట పెట్టాలి. ఆవిడ పక్కన ఒక కుర్చీ, ఒక ఇస్త్రీ బల్ల, వాటి మధ్య గోడకు ఆనించి దాదాపు రెండడుగుల గ్రేట్ మాజింగర్. పోపీ వాళ్ళ జంబో మషిండర్ అనే పెద్ద రోబో బొమ్మల్లో ఒకటి. నల్లటి ఒళ్ళు, పాదాల కింద చక్రాలు, వీపు మీద చీటీ.

నాకు గొంతు తడారిపోయింది. ఇక్కడ పెద్ద చెత్తలోంచి అడక్కుండా తీసుకెళ్ళడం తప్పు. "దీన్ని నేను తీసుకోవచ్చా అండీ?" అని అడిగాను. "మీ బాబుకా?" అన్నారు. "నాకే" అన్నాను. ఆవిడ రెండు చేతులతో ఎత్తి, చంటిపిల్లను అందించినట్టు అందించారు.

జంబో మషిండర్లు పాలిథిలిన్‌తో చేసినవి, షాంపూ సీసాల ప్లాస్టిక్ అన్నమాట. దాని మీద ఏదీ పట్టదు. రంగు పట్టదు, జిగురు పట్టదు, మన ఫెవిక్విక్ కూడా పట్టదు. అందుకే తుడవడం తేలిక అనుకున్నాను. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి చీటీ ఒలిచాను. జిగురు మరకకు వంటనూనె, నూనె జిడ్డుకు ఆల్కహాల్. అదే దూదితో ఒళ్ళంతా తుడుచుకుంటూ పాదాల దాకా వచ్చాను. ఎడమ పాదం కింద నల్లగా ఉంది. తుడిచాను, దూది నల్లబడింది. ఇంకో దూది తీశాను. మూడో దూదికి గానీ నాకు తెలియలేదు, అది మురికి కాదు, మార్కర్ పెన్ను. జపాన్ వాళ్ళ హిరగానా లిపిలో రాసిన నాలుగు అక్షరాల్లో చివరిది మాత్రం సగం మిగిలింది. ఇక్కడ బడికి వెళ్ళే పిల్లల ప్రతి వస్తువు మీదా వాళ్ళ పేరు తల్లి రాస్తుంది. ఏ తల్లో రాసిన పేరును నేను చెరిపేశాను.

లైటు కిందికి తీసుకెళ్ళి చూశాను. చెరిగిన అక్షరాల కింద ఇంకో రాత ఉంది. రంగు లేదు, గీతలు మాత్రమే. బాల్‌పెన్నుతో గట్టిగా ఒత్తి రాసినది మెత్తటి ప్లాస్టిక్‌లో గాడులుగా దిగింది. వంకర అక్షరాలు, పిల్లవాడి చేతివే. మొదటి పేరు కాదు, ఇంకో పేరు.

మర్నాడు సాయంత్రం బొమ్మను పట్టుకుని పైకి వెళ్ళి, వంగి క్షమాపణ చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని పాదాన్ని వేలితో తడిమారు. చాలాసేపు. పెద్దవాడికి తొమ్మిదేళ్ళప్పుడు కొన్నదట. మూడు నెలలు తిరక్కుండానే చిన్నవాడు జబ్బుపడి మంచం పట్టాడు. అదే కావాలని ఏడిస్తే, పెద్దవాడి చేతిలోంచి తీసుకుని చిన్నవాడికిచ్చి, పాదం కింద చిన్నవాడి పేరు తానే రాశారట. "పెద్దవాడు ముందే తన పేరు రాసుకున్నాడని నాకు తెలియదు. నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఎందుకో అనుకున్నాను" అన్నారు.

ఇల్లు మారే రోజున చిన్నకొడుకు సామాను సర్దడానికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పే చోటే మోకాళ్ళ మీద కూర్చుని బొమ్మను తిరగేసి చూశాడు. "నా కోసమే కొన్నారనుకున్నాను" అని ఒక్క మాట అన్నాడు. మార్కర్ తెచ్చిచ్చాను, మీ పేరు మళ్ళీ రాసుకోండి అని. మూత తీసి, కాసేపు పట్టుకుని, మూత పెట్టి తిరిగి ఇచ్చేశాడు. రోబోను అన్నయ్యకు పంపిస్తానన్నాడు. వాళ్ళన్నయ్య సప్పొరోలో ఉంటారట. సంచిలో పట్టక, చంకలో పెట్టుకుని తోజాయి లైన్ రైలు ఎక్కాడు.

మీ దాని విషయంలో నాకు కావలసింది ఇదీ. దేన్నీ తుడవకముందే పగటి వెలుతురులో రెండు పాదాల అడుగులు, బ్యాటరీ మూత లోపలి వైపు, వీపు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. లైటును పక్క నుంచి పట్టుకోండి, గాడులేమైనా ఉంటే తెలుస్తాయి. స్క్రూలు ఎంత తుప్పు పట్టాయో కూడా చూసి, డ్రైవర్ నంబరు చెప్తాను.