క్యాంపస్‌లో సిగరెట్ తాగకూడదంటే, ఆరుబయట కూడానా?

సందేహం: అన్నా, మాది కందుకూరు. ఎం.ఎస్. చదవడానికి ఆగస్టులో కాలిఫోర్నియా వస్తున్నాను. క్యాంపస్‌లో ఎక్కడా సిగరెట్ తాగకూడదని మెయిల్ పంపారు. ఆరుబయట కూడానా? అక్కడి స్టూడెంట్లు నిజంగా పాటిస్తారా?

జవాబు: ఆరుబయట కూడా తాగకూడదు తమ్ముడూ. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లన్నిటిలో 2014 నుంచి, కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లలో 2017 సెప్టెంబర్ నుంచి ఇదే రూలు. పార్కింగ్ స్థలమైనా, చెట్టు కిందైనా అంతే. వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) కూడా కుదరదు. మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఖైనీ, గుట్కా లాంటివి కూడా నిషేధంలోకే వస్తాయి. సూట్‌కేసులో ప్యాకెట్లు పెట్టుకుని రావద్దు.

మన దగ్గర మాత్రం చట్టం లేదా? 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో తాగితే 200 రూపాయల దాకా జరిమానా ఉంది. కాలేజీకి 100 గజాల లోపు అమ్మకూడదని కూడా ఉంది. అయినా ఒంగోలులో నేను చదివే రోజుల్లో గేటు ఎదురుగా టీ బంకులోనే విడి సిగరెట్లు దొరికేవి. ఆ అలవాటుతోనే 2014లో ఇక్కడికి వచ్చి, మొదటి నెలలోనే లైబ్రరీ వెనక ఒకటి వెలిగించాను. పక్క బెంచీ మీద చదువుకుంటున్న అమ్మాయి ఒక్క మాట అనలేదు, పుస్తకాలు సర్దుకుని లేచి వెళ్ళిపోయింది. తర్వాత మా ల్యాబ్‌లోనే పరిచయమైంది. ఆమెకు ఆస్తమా. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

స్టూడెంట్లందరిదీ ఒకటే మాట కాదు. మా ల్యాబ్‌లో సిగరెట్ తాగే ఒకతను ఈ రూలు ఉండాల్సిందే అనేవాడు. ప్రతిసారీ క్యాంపస్ దాటి నడవలేక తగ్గించేశాడట. ఇంకొకతను, రాత్రి పదకొండింటికి మమ్మల్ని రోడ్డు మీదికి పంపే బదులు ఒక మూల చోటు చూపిస్తే సరిపోయేది కదా అని బాధపడేవాడు. అందులోనూ న్యాయం ఉందనిపిస్తుంది నాకు.

మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు కోసి, కర్రలకు అల్లి, ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని మంట చూసుకున్న డబ్బుతోనే నాయన నా ఫీజు కట్టారు. పొగాకును ఎవరైనా చెడ్డగా మాట్లాడితే నాకు మనసు కష్టంగా ఉండేది. కానీ ఈ రూలు నాయన పంట గురించి కాదు, పక్కవాళ్ళ గొంతులోకి నా పొగ వెళ్ళడం గురించి.

సిగరెట్లు కొనడానికి నీకు 21 నిండి ఉండాలి. 2019 డిసెంబర్ నుంచి అమెరికా అంతా అంతే. బి.ఎస్. (డిగ్రీ)కి వచ్చే తమ్ముళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం అపార్ట్‌మెంట్ లీజు (అద్దె ఒప్పందం), అందులో సిగరెట్ గురించి ఏముందో చూసుకో. మా రూమ్‌మేట్ బాత్‌రూమ్‌లో తాగేవాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కార్పెట్‌లో వాసన ఉందని నలుగురి డిపాజిట్లోనూ కోత పెట్టారు. నీకు అలవాటుంటే సంతకం పెట్టకముందే రూమ్‌మేట్లకు చెప్పెయ్యి. మానాలని ఉంటే క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో అడుగు, లేదా సిగరెట్ మానాలనుకునేవాళ్ళ హెల్ప్‌లైన్ 1-800-784-8669కి ఫోన్ చెయ్యి. డబ్బు కట్టక్కర్లేదు.