మూడో చరణం దాకా వెళ్ళు, బాబీ

బాబీ,

వందనాలు నాన్నా. నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. "పెద్దమ్మా, రోజంతా చెవిలో వర్షిప్ పాటలే మోగుతున్నాయి, లోపల మాత్రం ఏమీ కదలడం లేదు" అన్నావు. ఆ మాట అనడానికి ఎంత మొహమాటపడ్డావో నీ గొంతులోనే తెలిసింది. నాకు చెప్పడానికి సిగ్గెందుకురా? నలభై ఏళ్ళు చర్చి క్వయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది శ్రుతి, పాడినదాన్ని, నాకూ అలాంటి రోజులొచ్చాయి. మీ పెదనాన్న పోయాక ఎనిమిది నెలలపాటు పాటల పుస్తకం పట్టుకుని నిలబడేదాన్ని, పెదవులు కదిపేదాన్ని, గొంతు మాత్రం వచ్చేది కాదు. పక్కవాళ్ళకు తెలియలేదు. ఆల్టో కదా, ఒక గొంతు తగ్గినా ఎవరూ పట్టించుకోరు.

ఫోన్‌లో చెప్తే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

కిందటేడు డల్లాస్ వచ్చినప్పుడు చూశాను. నువ్వు కారు స్టార్ట్ చేయగానే క్రైస్తవ పాటల కే-లవ్ రేడియో మొదలయ్యేది. 1982లో కాలిఫోర్నియాలో పుట్టిన స్టేషన్ దేశమంతా పాకిందని గొప్పగా చెప్పావు. బాగానే ఉంది. కానీ ఒక పాట నడుస్తుండగానే నువ్వు మీ మేనేజర్ గోల చెప్పావు, మ్యాప్ చూశావు, కాఫీ కోసం ఎక్కడ ఆగాలో ఆలోచించావు. పాట అయిపోయింది. "ఇప్పుడు వచ్చిన పాటేంట్రా?" అంటే తెల్లమొహం వేశావు. సీలింగ్ ఫ్యాన్ చప్పుడు అలాగే ఉంటుంది. తిరిగినంతసేపూ వినబడదు, కరెంటు పోతేనే తెలుస్తుంది. నీ ప్లేలిస్ట్‌లో రెండొందల పాటలున్నాయన్నావు చూడు, నీ ఇబ్బంది అక్కడే ఉందని నా అనుమానం.

నెలకు ఒక్క పాట పెట్టుకో. మిగతావి వినొద్దనను, విను. కానీ ఒకటి మాత్రం నీది అనుకో. దాని మాటలు చేత్తో కాగితం మీద రాసుకో. ఫోన్లో స్క్రీన్‌షాట్ తీస్తే రాసినట్టు కాదు. నేను నా పాటను వంటింట్లో గ్యాస్ పొయ్యి పైన గోడకు అంటిస్తాను. నూనె చిట్లి కాగితం పసుపుపచ్చగా అయ్యేసరికి పాట నోటికి వచ్చేస్తుంది, అప్పుడు మారుస్తాను.

ఇంకో మాట, పల్లవి దగ్గర ఆగిపోకు. మనవాళ్ళందరికీ ఉన్న జబ్బు ఇది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం ఉంటాయి, కింద వరసగా చరణాలుంటాయి. మనకు పల్లవి వచ్చు, ఒకటో చరణం సగం వచ్చు, ఆ తర్వాత అంతా హమ్మింగే. ఆ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) లాంటి వాళ్ళు చెప్పాల్సింది చరణాల్లో పెట్టారు, మనం గుమ్మంలోంచే వెనక్కి వచ్చేస్తున్నాం. ఇప్పుడు రీల్స్ వచ్చాక ఆ గుమ్మం కూడా ముప్పై సెకన్లయింది.

నీకిష్టమైన ఇంగ్లీషు పాట 'టెన్ థౌజండ్ రీజన్స్' సంగతే తీసుకో. మ్యాట్ రెడ్‌మన్, జోనాస్ మైరిన్ కలిసి రాశారు, 2011లో వచ్చింది. మీ సంఘంలో గిటార్లతో హుషారుగా పాడుతుంటే నేనూ చప్పట్లు కొట్టాను. ఒకటో చరణంలో తెల్లవారుతుంది. మూడో చరణానికి వచ్చేసరికి ఒంట్లో బలం అయిపోతుంది, చివరి గడియ దగ్గరపడుతుంది. అంటే ఆ పాట పొద్దుట మొదలుపెట్టి మంచం పట్టేదాకా నడుస్తుంది. నువ్వు వందసార్లు పాడి ఉంటావు, అందులో చావు ఉందని గమనించావా? గమనించాక ఒకటో చరణం మళ్ళీ పాడి చూడు. అదే సూర్యోదయం వేరేగా ఉంటుంది.

ఆ పాటకు మూలం బైబిల్లోని 103వ కీర్తనలో ఉంది. మొదటి మాటే "నా ప్రాణమా". దావీదు మాట్లాడుతున్నది దేవుడితో కాదు, జనంతోనూ కాదు, తనతో తాను. లోపల కదలిక వచ్చాక పాడిన పాట అయితే ప్రాణాన్ని అలా పిలవాల్సిన పనేముంది? అది మొద్దుగా పడి ఉంది కాబట్టే, పొద్దున్నే బడికి లేపే తల్లిలాగా తట్టి లేపుతున్నాడు. ఇక 42, 43 కీర్తనలు ఒక్క పట్టున చదువు. నా ప్రాణమా, ఎందుకు కుంగిపోతున్నావు అన్న మాట మూడుసార్లు వస్తుంది, అచ్చం పల్లవిలాగా. మధ్యలో పరిస్థితి ఏమైనా బాగుపడిందా అంటే, లేదు. శత్రువు ఉన్నాడు, కన్నీళ్ళున్నాయి, అయినా పల్లవి తిరిగి వచ్చింది. నీలో ఏమీ కదలకపోయినా నువ్వు పాడితే అది దొంగ పాట అయిపోదు అని నేను ధైర్యంగా చెప్తున్నది దీన్ని బట్టే.

అందుకే విను అనడం లేదు, పాడు అంటున్నాను. ఇయర్‌ఫోన్స్ తీసెయ్. కారులో నువ్వొక్కడివే కదా, శ్రుతి తప్పినా అడిగేవాడు లేడు. చెవిలోకి వెళ్ళిన పాటకు నీ ఊపిరితో పనిలేదు. నోటితో పాడితే ఊపిరి దానికి తగ్గట్టు సాగాలి, పొట్ట బిగియాలి, ఒంటికి ఆ మాట తెలుస్తుంది. నర్సుగా చెప్తున్నాను, పాస్టరమ్మగా కాదు.

నర్సంటే గుర్తొచ్చింది. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీకి ముప్పై మంచాల వార్డుకు ఇద్దరమే ఉండేవాళ్ళం. ఒకసారి డ్యూటీ చార్టులో ఎవరిదో తప్పు నా మీద రాశారు. మెమో ఇచ్చారు. ఆ రాత్రి మందుల ట్రే పట్టుకుని తిరుగుతున్నాను, కళ్ళల్లో నీళ్ళు. నాకు తెలియకుండానే ముక్కుతో ఏదో పాట లాగుతున్నానట. పదకొండో మంచం ముసలాయన, ఆయాసం మనిషి, మాస్క్ పక్కకు జరిపి "అమ్మా, ఆపేశావేం, ఆ తర్వాత చరణం కూడా పాడు" అన్నాడు. నాకు ఆ చరణం రాదు! ఆయన రెండేసి మాటలకోసారి ఊపిరి తీసుకుంటూ అందించాడు, నేను వెనకాల పాడాను. మెమో మెమోలాగే ఉంది. తెల్లారి సంజాయిషీ రాసిచ్చాను. కానీ రాసేటప్పుడు చెయ్యి వణకలేదు.

అప్పటినుంచే చరణాల పిచ్చి పట్టుకుంది నాకు.

నువ్వు పంపిన 'వే మేకర్' కూడా నేర్చుకున్నాను. అమెరికా పాటనుకున్నాను ముందు. రాసింది సినాచ్ అనే నైజీరియా ఆవిడ, 2015లో పాడింది, అమెరికావాళ్ళు తర్వాత అందుకున్నారు. అందులో బ్రిడ్జ్ అంటారే, తిప్పి తిప్పి పాడే ముక్క, నాకు కనబడకపోయినా నువ్వు పనిచేస్తూనే ఉన్నావు అని. మొదట విసుగొచ్చింది, ఎన్నిసార్లురా బాబూ అనుకున్నాను. తర్వాత డ్రిప్ గుర్తొచ్చింది. చుక్క తర్వాత చుక్క, రోగికి ఏమీ తెలియదు, "ఎక్కుతోందా సిస్టర్?" అని అడుగుతూనే ఉంటాడు. ఎక్కుతూనే ఉంటుంది. అలాంటి ముక్కను తొందరగా ముగించకు.

మీ రేడియో మీద ఒక్క ఫిర్యాదు. నేను విన్నంతలో ఏడ్చే పాట తక్కువ. బైబిల్లోని 150 కీర్తనల్లో ఎన్ని కన్నీళ్ళున్నాయో! 88వ కీర్తన అయితే చీకట్లోనే ఆగిపోతుంది, చివర్లో వెలుగు పెట్టలేదు. దాన్ని కూడా పుస్తకంలో ఉంచారు. నీ మనసు బాగాలేనప్పుడు హుషారు పాటతో దాన్ని బలవంతంగా లాక్కురాకు, ముందు దుఃఖపు పాట పాడు. మెర్సీమీ అనే బ్యాండ్‌లో పాడే బార్ట్ మిలార్డ్ తండ్రి 1991లో క్యాన్సర్‌తో పోయాడు. ఆ దుఃఖంలోంచి వచ్చిన 'ఐ కెన్ ఓన్లీ ఇమాజిన్' రికార్డయింది 1999లో. పాట కావడానికి ఎనిమిదేళ్ళు! నువ్వు మూడు వారాలకే "ఏమీ కదలడం లేదు" అంటున్నావు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఈ ఏడు నీకు ఇల్లొస్తుంది, ప్రమోషన్ వస్తుంది అని మాత్రమే పాడే పాటల్ని నీ ఒక్క పాటగా ఎంచుకోకు. అవి రాకపోయిన రోజు పాట కూడా పోతుంది. రాత్రి మూడింటిదాకా నిద్రపట్టడం లేదన్నావు, దానికి పాట మందు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళు. దేవుడేమీ అనుకోడు. ఆదివారం ఆన్‌లైన్ ఆరాధన చూసి సరిపెట్టుకోకు. అక్కడ తెలుగు సంఘాలున్నాయి కదా, వెళ్ళి పక్కన ఇంకో గొంతు ఉండేలా నిలబడు. నా ఎనిమిది నెలలూ నన్ను మోసింది పక్కన సొప్రానో, అంటే పై శ్రుతి, పాడే అక్కయ్య గొంతే. ఆవిడకు ఇప్పటికీ ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు నా గోడ మీద ఉన్న పాట నీకూ రాసి పంపుతున్నాను, వెనకవైపు చూడు. నాలుగు చరణాలు. ఆదివారం నువ్వు ఫోన్ చేసేసరికి మూడోది నీకు నోటికి రావాలి. నువ్వు ఎత్తుకో, కింద నేను అందుకుంటాను. మీ అమ్మను స్పీకర్ దగ్గరికి రానివ్వకు, తాళం తప్పిస్తుంది.

మీ పెద్దమ్మ