ఆ హెడ్ ఇప్పుడే విప్పకండి

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గర. నా ఫైబర్ బోటులోని పాత రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌కి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం) తగ్గిందని పోయినేడు వేట నిషేధంలో కాకినాడలో ఒక మెకానిక్‌కి ఇచ్చాను. లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు), పిస్టన్లు, రింగులు మార్చానని ఫోన్‌పేలో లక్షా పదివేలు తీసుకున్నాడు. బిల్లు నేను అడగలేదు, పాత పిస్టన్లు అక్కడే వదిలేశాను. నెల తిరక్కుండా మళ్లీ తెల్లపొగ, స్టార్టింగ్ కష్టం. సొంత తమ్ముడిలా నమ్మాను. మా ఆవిడ బంగారం తాకట్టులో ఉంది. అడిగితే ‘చూద్దాం అన్నా’ అంటాడు. ఇక్కడ ఇంకో మెకానిక్ హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పి చూస్తానంటున్నాడు. కేసు వేస్తే డబ్బు వస్తుందా?

జవాబు: నమ్మకం, బంగారం సంగతులు పక్కన పెట్టండి, కేసు వాటి మీద తేలదు. కంప్రెషన్ ఎక్కడ పోతోంది అన్నదాని మీద తేలుతుంది. రింగులు, లైనర్ల దగ్గర పోతుంటే అది అతను చేసిన పనే, తప్పించుకోలేడు. వాల్వుల దగ్గరైతే ‘హెడ్ పని నాకు చెప్పలేదు, సైలెన్సర్‌లోంచి ఉప్పునీరు ఎక్కి వాల్వు కూర్చునే సీటు తినేసింది’ అంటాడు. అప్పుడు మీరు రింగులు మార్చమన్నారా, కంప్రెషన్ సరిచెయ్యమన్నారా అన్నది ముఖ్యం. రెండోదైతే, కారణం చూడకుండా సామాను మార్చడమే సేవాలోపమని వాదించవచ్చు. ఆ మాట వాట్సాప్‌లో ఉందేమో వెతకండి. వినియోగదారుల కేసుల్లో లోపాన్ని రుజువు చేయాల్సింది ఫిర్యాదు చేసినవాళ్లేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో చెప్పింది.

అందుకే ఆ రెండో మెకానిక్‌ని ఇంజన్ ముట్టుకోనివ్వకండి. అతను ఒక్క నట్టు విప్పినా ‘నా పని బాగానే ఉంది, ఇతనే పాడుచేశాడు’ అని మొదటి మెకానిక్ అంటాడు, మీ దగ్గర సమాధానం ఉండదు.

హెడ్ విప్పకుండానే తెలుస్తుంది. ఇంజెక్టర్ తీసి ఆ రంధ్రంలో గేజి పెట్టి రెండు సిలిండర్ల రీడింగూ తీస్తారు. చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ తీసినప్పుడు రీడింగు బాగా పెరిగితే లోపం రింగుల వైపు, పెరక్కపోతే వాల్వుల దగ్గరో, హెడ్ కింది గాస్కెట్ దగ్గరో. సిలిండర్‌లోకి గాలి పట్టించి వింటే ఇంకా స్పష్టం: ఆయిల్ పోసే చోట సుయ్‌మంటే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కూలింగ్ నీళ్లలో బుడగలొస్తే గాస్కెట్. ఈ పరీక్ష పాలిటెక్నిక్ మెకానికల్ లెక్చరరు లాంటి మూడో మనిషి చెయ్యాలి, రిపోర్టు రాసి సంతకం పెట్టాలి. తేదీ, చోటు చెప్పి మొదటి మెకానిక్‌కి ముందే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. రాకపోతే రాలేదని రిపోర్టులో రాయించి, వీడియో తీయించండి. ఆ తర్వాత విప్పుకుని వేటకి వెళ్లవచ్చు, కానీ తీసిన సామాను మూటకట్టి సీలు వేయించి దాచండి.

లక్షా పదివేలిచ్చి బిల్లు అడక్కపోవడం, పాత పిస్టన్లు అక్కడే వదిలేసి రావడం పెద్ద అజాగ్రత్త. ఫోన్‌పేలో పంపిన డబ్బు తాలూకు బ్యాంకు స్టేట్‌మెంటు ఇవాళే తీసుకోండి.

గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69. ఇంజన్ చేతికొచ్చిన రోజు నుంచే లెక్కేసుకోండి. అతను చూద్దామంటూ జరిపినా, మీరు నోటీసులిచ్చినా ఆ గడువు పెరగదు. మీరుండే చోటు ఏ జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధిలో ఉంటే అక్కడే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. బోటు మీరే నడుపుకుంటూ దాని మీదే బతుకుతున్నామని ఫిర్యాదులో తప్పక రాయించండి, లేకపోతే ‘ఇది వ్యాపారం, వినియోగదారుడు కాదు’ అని కొట్టేయించే ప్రయత్నం చేస్తారు.

పరీక్ష రోజున అతనొచ్చి ఉచితంగా చేస్తానంటే కాదనకండి. ఏ సామాను, ఏ తేదీలోగా అన్నది రాయించి సంతకం తీసుకున్నాకే ఇంజన్ అప్పగించండి.