బాల్కనీలో మిరియం పెట్టాలనుకుంటే

అమ్మడూ,

కూర్గ్ నుంచి వస్తూ అడవి అంచున పాకుతున్న మిరియాల తీగ తుంచి తెచ్చి, బెంగళూరు మారతహళ్ళిలో నీ బాల్కనీ కుండీలో గుచ్చావట. అది బతికినా నీ ముచ్చట తీరదమ్మా. నేల మీద పాకే తీగ ముక్క మళ్ళీ తీగే అవుతుంది, ఎక్కడానికి చెట్టు కావాలి, కాపుకి మూడేళ్ళు ఆగాలి. పైగా అడవి మిరియంలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు, నీకు దొరికింది ఏదో ఎవరికి తెలుసు?

నువ్వు పెట్టాల్సింది పొద మిరియం. కాయలు కాసే పక్క కొమ్మని వేరు తొడిగించి చేస్తారు, అందుకే పాకదు, కుండీలోనే గుబురుగా ఉండి ఏడాది లోపే కంకులేస్తుంది. లాల్‌బాగ్ నర్సరీలో అడుగు. ఉత్త 'కరిమెణసు' (కన్నడలో మిరియం) అంటే తీగ మొక్క ఇచ్చేస్తారేమో, 'బుష్ పెప్పర్' అని గట్టిగా చెప్పు. పన్నియూర్-1 దొరికితే కళ్ళు మూసుకుని తీసుకో. కేరళలో రెండు నాటు రకాల్ని కలిపి తీసిన హైబ్రిడ్ అది, మరీ చీకటి నీడలో కాయదు గానీ నీ బాల్కనీ పొద్దుటెండ దానికి సరిగ్గా సరిపోతుంది. మధ్యాహ్నపు ఎండ మాత్రం తగలనివ్వకు.

రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, 12 అంగుళాల కుండీ. అంతే.

నీళ్ళ దగ్గరే అందరం తప్పు చేస్తాం. వానలు పడే అడవి మొక్క కదా అని నేను మొదటిదానికి కింద ప్లేటు పెట్టి నీళ్ళు నిలవుంచాను. ఆగస్టులో ఆకుల మీద నల్లమచ్చలొచ్చాయి, మొదలు దగ్గర కాండం వేలితో నొక్కితే మెత్తగా దిగిపోయింది, వారంలో ఆకులన్నీ రాలాయి. ఆ తెగులు వస్తే ఇక చెయ్యగలిగిందేమీ ఉండదు. అడవిలో ఎంత వాన పడినా వాలులో నీరు జారిపోతుంది, వేరు దగ్గర నిలవదు. ప్లేటు తీసెయ్, పైమట్టి ఆరాకే నీళ్ళు పొయ్యి.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలీదు. జూన్‌లో లేత కంకులు కిందికి వేలాడతాయి, వాననీరు వాటి వెంట జారుతూ పుప్పొడిని పై పూల నుంచి కింది పూలకి చేరుస్తుంది. నీ బాల్కనీకి పైన కప్పుంది, జల్లు పడదు. కాబట్టి పూతప్పుడు రోజూ సాయంత్రం స్ప్రే సీసాతో కంకుల్ని పైనుంచి తడుపు. నేను తడపని ఏడాది కంకికి నాలుగైదు గింజలే కట్టాయి, మిగతాదంతా బోసి కాడే.

జనవరి ప్రాంతంలో కంకిలో ఒకటి రెండు గింజలు ఎర్రబడగానే మొత్తం కొయ్యి. గింజలు రాల్చి, మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి ఎండబెడితే నల్లగా, సమంగా ఎండుతాయి. మూడో వంతే మిగులుతుంది, కంగారుపడకు. మీ అత్తయ్య చారుకి వేరే మిరియాలు ముట్టడం మానేసింది.

కుండీ కొనకు, నా దగ్గర రెండు ఖాళీగా ఉన్నాయి. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు.

మీ మావయ్య